రెండో ఆటకి టిక్కెట్టు

ఈ వారం కొత్త సినిమా కబురేమీ లేదు. అలాగని పేజీ తిప్పెయ్యకండి. కాస్త ఓపిక పడితే సినిమా తనంతట తానే వస్తుంది. మనవాళ్ళు నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే సినిమా రాకుండా ముగిసిన సంభాషణంటూ ఒకటుందా, చెప్పండి?

మా ఇంట్లో వారం రోజులుగా ఓ పంచాయితీ నడుస్తోంది. వాది మా మేనకోడలు, వయసు తొమ్మిదేళ్ళు. ప్రతివాది మా నాన్నగారు, వయసు డెబ్బై దాటింది. తీర్పు చెప్పాల్సినవాణ్ణి నేను. ఎందుకంటే టిక్కెట్లు కొనాల్సినవాణ్ణీ నేనే గనక. నాలాంటి విడి విలేఖరి జేబు సంగతి మీకు తెలియంది కాదు. అచ్చయిన వ్యాసానికే డబ్బు. అచ్చు కాని వ్యాసానికి అనుభవం!

ఇంతకీ వివాదం ఏమిటంటారా? పోయిన వేసవిలో మమ్మల్ని నానా అవస్థలూ పెట్టిన ఒక థీమ్ పార్కుకి మళ్ళీ వెళ్ళాలా, వద్దా అని.

పార్కు పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. పేరు చెప్పి తిట్టడం తేలిక. నాకు కావలసింది తిట్టడం కాదు, తేల్చుకోవడం.

అసలేం జరిగిందో చెబుతాను. పోయిన ఏడాది మే నెల, ఆదివారం. ఎండలు రోహిణీ కార్తెని ముందే పిలుచుకొచ్చాయి. అక్క తెల్లవారుజామున లేచి పులిహోర కలిపింది. మొత్తం నలుగురం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచీ తెరిచి చూసి, "బయటి తిండి లోపలికి రానివ్వం సార్" అన్నాడు. పారేయడానికి మనసొప్పలేదు. గోడ పక్కన వేపచెట్టు కింద నించుని, ఉదయం పదింటికే నలుగురం మధ్యాహ్న భోజనం కానిచ్చాం. అప్పటికింకా నవ్వుకుంటూనే ఉన్నాం.

లోపల పెద్ద ఆటలనదగ్గవి ఆరున్నాయి. ఆ ఆరింటిలో మూడింటికి తాళాలు. ఒక్కొక్కదాని ముందూ ఒకే బోర్డు: "యంత్రం మరమ్మతులో ఉంది. అసౌకర్యానికి చింతిస్తున్నాము." టిక్కెట్టు కౌంటర్లో మాత్రం ఎవరూ చింతించినట్టు లేదు. సగం ఆటలు మూతపడ్డ రోజున కూడా టిక్కెట్టు నిండు ధరే. ఆ సంగతి డబ్బు కట్టకముందు ఒక్కరూ చెప్పలేదు.

మిగిలిన మూడింటిలో మా పిల్ల కన్ను మొదటినుంచీ రోలర్ కోస్టర్ మీదే. క్యూలో గంటా ఇరవై నిమిషాలు నించున్నాం. నెత్తిన రేకు లేదు. తీరా మా వంతు వచ్చాక, మెట్ల పక్కన ఓ జోకరు బొమ్మ చెయ్యి చాచి నించుని ఉంది. ఆ చెయ్యి ఎత్తు 130 సెంటీమీటర్లు. మా పిల్ల 124. "పాప ఎత్తు చాలదు సార్" అన్నాడక్కడి కుర్రాడు.

ఇక్కడ ఒక మాట. ఆ నిబంధన తప్పని నేననను. ఒడిలో అడ్డంగా బిగించే ఇనప కడ్డీ ఫలానా కొలత ఉన్న శరీరాన్ని పట్టి ఉంచేలా తయారవుతుంది. అంతకన్నా చిన్న పిల్లలు అందులోంచి జారిపోగలరు. "ఈ ఒక్కసారికి పోనీ బాబూ" అని బతిమాలే తల్లిదండ్రులు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. నా ఫిర్యాదల్లా ఒకటే. ఆ జోకరు బొమ్మని క్యూ చివర కాకుండా క్యూ మొదట్లో నిలబెట్టి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఈలోగా నాన్నగారు తువ్వాలు నెత్తిన వేసుకుని కాలిబాట అంచున కూలబడ్డారు. మొహం కందిపోయింది. మంచినీళ్ళ కుళాయి వెతికి వెతికి, చివరికి సీసా కొని తాగించాం. నాకు ఒళ్ళు మండి కౌంటర్ దగ్గరికి వెళ్ళి అడిగాను.

"మా చేతిలో ఏం లేదు సార్. పైవాళ్ళతో మాట్లాడండి."

"పైవాళ్ళెక్కడ?"

"ఆదివారం రారు సార్."

ఆదివారమేమో జనం వస్తారు. జనం వచ్చే రోజున జవాబు చెప్పేవాళ్ళు రారు. భలే ఏర్పాటు కదూ!

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. పిల్ల ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. ఇంటికి రాగానే చెప్పులు విడిచి, పెన్సిల్ తీసుకుని వంటింటి గుమ్మం పక్క గోడకి ఆనుకుని నించుంది. "మావయ్యా, గీత గియ్యి" అంది. గీశాను. దాని పైన టేపుతో కొలిచి 130 దగ్గర తనే ఇంకో గీత గీసుకుంది, ఎర్ర స్కెచ్ పెన్నుతో.

ఆ రోజునుంచీ ప్రతి నెలా ఒకటో తారీఖున కొలత. మడమలు ఎత్తకూడదని రూలు తనే పెట్టింది. నాకు పారితోషికం రాని నెలలు ఉన్నాయి గానీ, ఆ గోడ మీద గీత పడని నెల లేదు. ఈ నెల ఒకటిన నల్ల గీత ఎర్ర గీతని దాటి ఓ వెంట్రుకవాసి పైకి వెళ్ళింది. పిల్ల నోరు విప్పి ఏమీ అడగలేదు. పెన్సిల్ చేతిలో పెట్టుకుని నా మొహంలోకి చూసిందంతే.

చూశారా, చిక్కెక్కడ వచ్చిందో! పార్కు మారిందో లేదో నాకు తెలీదు. కానీ పిల్ల ఎత్తు మారింది.

"ఆ మాయదారి పార్కు పేరెత్తితే ఊరుకోను" అన్నారు నాన్నగారు. స్నేహితుల్ని అడిగాను. ఒకడు "ఒకసారి మోసపోతే వాడి తప్పు, రెండోసారి మోసపోతే నీ తప్పు" అన్నాడు. ఇంకొకడు "పిల్లది ముచ్చటపడుతుంటే లెక్కలేమిట్రా" అన్నాడు. రెండూ నిజమే. అందుకే నిద్రపట్టలేదు.

ఇదిగో, ఇక్కడ వచ్చింది సినిమా.

మనం సినిమాలకి రెండో అవకాశం ఇవ్వడం లేదూ? 2010లో విడుదలై నిరాశపరచిన 'ఆరెంజ్' 2023లో మళ్ళీ విడుదలైతే, హాళ్ళలో కుర్రకారు పాటలకి గొంతు కలిపి నానా హంగామా చేశారు. అదే 2010లో దెబ్బతిన్న 'ఖలేజా' 2025లో తిరిగొస్తే థియేటర్ల దగ్గర పండగ చేశారు. ఆ సినిమాల్ని ఎవరైనా మళ్ళీ కొత్తగా తీశారా? లేదు. మారింది చూసే మనం. మొదటిసారి ఏదో ఊహించుకుని వెళ్ళాం, అది దొరకలేదని అలిగాం. రెండోసారి ఉన్నది ఉన్నట్టు చూశాం, నచ్చింది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మరో రకం రెండో అవకాశం కనిపిస్తుంది. విజయా వారు 1951లో 'పాతాళభైరవి' ఇచ్చి జనాన్ని ఉర్రూతలూపారు. 1954లో ఎంతో ఖర్చుపెట్టి 'చంద్రహారం' తీస్తే అది నష్టాల పాలయింది. "వీళ్ళ పని అయిపోయింది" అని ప్రేక్షకులు ఆ బ్యానర్ వైపు చూడ్డం మానేసి ఉంటే? 1955లో 'మిస్సమ్మ' ఎవరు చూసేవారు? 1957లో 'మాయాబజార్' ఎక్కడినుంచి వచ్చేది? ఇక్కడ ప్రేక్షకుడు అదే సినిమాకి తిరిగి వెళ్ళలేదు. అదే కంపెనీకి తిరిగి వెళ్ళాడు. దెబ్బతిన్నవాళ్ళు దాన్నుంచి ఏదో నేర్చుకునే ఉంటారన్న నమ్మకంతో వెళ్ళాడు.

అయితే పార్కు సినిమాలాంటిది కాదు. సినిమా తీసేశాక తప్పులు ఆ రీళ్ళలోనే ఉండిపోతాయి. పార్కు రోజూ మళ్ళీ ఆడే నాటకం లాంటిది. మోటారుకి నూనె ఈ రోజు వెయ్యాలి, కుళాయిలో నీళ్ళు ఈ రోజు రావాలి, కుర్రాడు ఈ రోజు నవ్వుతూ మాట్లాడాలి. అందుకే పార్కు విషయంలో మనం మారితే చాలదు. వాళ్ళూ మారాలి.

మారినవాళ్ళున్నారా? ఉన్నారు. మొట్టమొదటివాడు మన సినిమా మనిషే, వాల్ట్ డిస్నీ.

ఈనాడు ప్రపంచంలో పిల్లలందరూ కలలుగనే డిస్నీలాండ్ ప్రారంభోత్సవం ఎలా జరిగిందో మీలో ఎంతమందికి తెలుసు? 1955 జూలై 17, ఆదివారం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, అనహైమ్ ఊరు. పిలిచింది కొందరినే. దొంగ పాసులు అచ్చేసుకుని మరీ వచ్చినవాళ్ళతో కలిపి లోపలికి చేరింది సుమారు 28,000 మంది. కొత్తగా పోసిన తారు ఎండకి మెత్తబడి ఆడవాళ్ళ ఎత్తుమడమల జోళ్ళు అందులో దిగబడ్డాయి. తిండి పదార్థాలు అయిపోయాయి. ఆటలు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. కుళాయి పనివాళ్ళ సమ్మె మూలంగా మరుగుదొడ్లకి నీళ్ళివ్వాలా, తాగే కుళాయిలకివ్వాలా అని తేల్చుకోవాల్సి వస్తే డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకున్నాడు. జనమేమో దాహంతో అల్లాడుతూ, ఇదంతా శీతల పానీయాలు అమ్ముకునే ఎత్తు అనుకున్నారు! ఇంత గొడవా ఏబీసీ టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారం. వ్యాఖ్యాతల్లో ఒకరు నటుడు రోనాల్డ్ రీగన్, తర్వాత అమెరికా అధ్యక్షుడయినాయనే.

ఆ రోజుకి డిస్నీ కంపెనీలోనే 'నల్ల ఆదివారం' అని పేరు పడింది. మరి డిస్నీ ఏం చేశాడు? పత్రికలవాళ్ళు కళ్ళులేని కబోదులు అనలేదు. లోపాలు సరిచేయించడానికి పూనుకుని, మొదటి రోజు అవస్థపడ్డవాళ్ళని మరోసారి రమ్మని పిలిపించాడు. రెండు నెలలు తిరక్కముందే ఆ పార్కు చూసినవాళ్ళ సంఖ్య పది లక్షలు దాటింది.

రెండో కథ ఇంకా రంజైనది. 'జాస్' సినిమా మీరు చూసే ఉంటారు. స్పీల్‌బర్గ్ 1975లో తీసిన సొరచేప కథ. షూటింగు కోసం చేయించిన యంత్రపు సొరచేపకి యూనిట్‌వాళ్ళు 'బ్రూస్' అని పేరు పెట్టుకున్నారు. సముద్రంలో దించేసరికి ఉప్పునీరు సోకి బ్రూస్ మొండికేసింది. 55 రోజుల షూటింగు 159 రోజులకి సాగింది. కుర్ర డైరెక్టరు తల పట్టుకున్నాడు. చేప పనిచెయ్యకపోతే చేపని చూపించకుండానే భయపెట్టాలనుకున్నాడు. నీళ్ళ మీద కదిలే పీపాలు, జాన్ విలియమ్స్ సంగీతం. చేప కనబడకపోవడమే సినిమాకి ప్రాణమైంది.

పదిహేనేళ్ళ తర్వాత, 1990 జూన్ 7న ఫ్లోరిడాలో యూనివర్సల్ స్టూడియోస్ వారి పార్కు తెరిచారు. సలహాదారు స్పీల్‌బర్గే. పడవెక్కితే సొరచేప మీదకొచ్చే ఆట ఒక పెద్ద ఆకర్షణ. మీరు ఊహించింది నిజమే, చేప మళ్ళీ మొండికేసింది! కింగ్ కాంగ్ ఆట, భూకంపం ఆట కూడా మొదటి రోజే చతికిలబడ్డాయి. సినిమాలో అయితే చేపని దాచి గట్టెక్కాడు. డబ్బిచ్చి పడవెక్కినవాడికి చేప చూపించకుండా కుదురుతుందా?

మరి వాళ్ళేం చేశారంటే, పై మెరుగులతో సరిపెట్టలేదు. ఆ ఏడాదే ఆ ఆటని మూసేశారు. నీళ్ళలో యంత్రాంగం మొత్తం కొత్తగా తయారు చేయించి 1993లో మళ్ళీ తెరిచారు. అలా తెరిచిన ఆట 2012 జనవరి 2 దాకా, అంటే పద్ధెనిమిదేళ్ళకి పైగా జనాన్ని కేకలు పెట్టించింది. తర్వాత ఆ స్థలంలో హ్యారీ పాటర్ వీధి వెలిసింది.

పారిస్ సంగతీ అంతే. 1992 ఏప్రిల్ 12న అక్కడ 'యూరో డిస్నీ' తెరిచారు. భోజనంతో పాటు ద్రాక్షసారా తాగడం తాతల నాటి అలవాటైన ఫ్రాన్సు దేశంలో, పార్కులో చుక్క దొరకదన్నారు! జనం ముఖం చాటేశారు. నష్టాలు పోగుపడ్డాయి. 1993లో ఆ నిషేధం ఎత్తేశారు. 1994లో పేరు మార్చి 'డిస్నీలాండ్ పారిస్' అన్నారు. 1995లో 'స్పేస్ మౌంటెన్' అనే కొత్త రోలర్ కోస్టర్ తెచ్చారు. ఆ ఏడాదే మొదటిసారి లాభం కళ్ళజూశారు. వచ్చేవాడి అలవాటేమిటో తెలుసుకున్నాకే వాళ్ళ బండి పట్టాలెక్కింది.

ఈ కథలన్నీ ఓ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారికి చెప్పాను. నా వాదన గెలిచిందనుకుని మీసం దువ్వబోయేంతలో ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "మీ అమెరికా వాళ్ళ సంగతి నాకు తెలీదురా. మా టాకీసు సంగతి చెబుతా విను" అన్నారు.

మా నాన్నగారు వయసులో ఉండగా టూరింగ్ టాకీసులో ఆపరేటరు. గుడారం హాలు, ఒకటే ప్రొజెక్టరు, రీలు రీలుకీ లైట్లు వెలిగే రోజులు. కరెంటు బదులు ఆయిల్ ఇంజను. అది ఎప్పుడు దగ్గి ఎప్పుడు ఆగుతుందో దేవుడికే తెలియాలి.

"ఓ రోజు సగం ఆటలో ఇంజను చచ్చింది. నేల క్లాసువాళ్ళు ఈలలు, కుర్చీ వాళ్ళు కేకలు. గంట తంటాలు పడ్డా లేవలేదు. మా ఓనరు ఏం చేశాడో తెలుసా? పెట్రోమాక్స్ దీపం పట్టుకుని గేటు దగ్గర తనే నించున్నాడు. 'ఇంజను పాడైంది, తప్పు మాదే, రేపు రండి' అంటూ ఒక్కొక్కడి చేతిలో స్టాంపు కొట్టిన చీటీ పెట్టాడు. నేల క్లాసువాడికీ అదే మాట, కుర్చీ వాడికీ అదే మాట. మర్నాడు హాలు కిటకిటలాడింది. చీటీ లేనివాళ్ళు కూడా వచ్చారు."

కాసేపాగి అన్నారు: "నాకు ఎండ దెబ్బ తగిలిందని కోపం కాదురా. ఇంజను ఎవరిదైనా చెడుతుంది. ఆ పిల్లని గంటా ఇరవై నిమిషాలు నించోబెట్టి వెనక్కి పంపించినప్పుడు, ఒక్క మనిషి వచ్చి తప్పయిందమ్మా అనలేదు. అదిరా నా బాధ."

ఏడాదిగా ఆయన కోపం తన నెప్పుల గురించేనని అనుకుంటున్నాను నేను. జర్నలిస్టునని చెప్పుకు తిరుగుతూ, ఇంట్లో మనిషి మనసులో మాట అడిగి తెలుసుకోలేకపోయాను. సిగ్గేసింది.

ఆలోచిస్తే డిస్నీ చేసిందీ, పారిస్‌లో జరిగిందీ, ఆ గుడారం ఓనరు చేసిందీ ఒకే పని. తప్పు ఒప్పుకోవడం, సరిచెయ్యడం, మళ్ళీ పిలవడం. మూడింటిలో మొదటిది లేకుండా మూడోది మాత్రమే చేసేవాళ్ళు చాలామంది. "కొత్త హంగులతో! సరికొత్త ఆకర్షణలతో!" అని గోడల నిండా పోస్టర్లు అంటిస్తారు. అది పిలుపు కాదు, ప్రచారం.

మర్నాడు పార్కుకి ఫోన్ చేశాను. ఎవరినన్నదీ చెప్పలేదు. "ఈ ఆదివారం పిల్లతో రావాలనుకుంటున్నాం, అన్నీ నడుస్తున్నాయా?" అని అడిగాను. అవతల ఓ అమ్మాయి గొంతు. ఓ క్షణం తటపటాయించింది.

"ఈ ఆదివారం వద్దు సార్. రెండు పెద్ద రైడ్లు సర్వీసింగులో ఉన్నాయి. రష్షు కూడా ఎక్కువ. వచ్చే నెల పది తర్వాత మామూలు రోజుల్లో రండి. బయల్దేరే ముందు ఓసారి ఫోన్ చెయ్యండి, ఏవి నడుస్తున్నాయో చెబుతాను."

"జోకరు బొమ్మ ఎక్కడుందమ్మా?" అన్నాను.

"ఏ జోకరు సార్?"

"రోలర్ కోస్టర్ దగ్గర ఎత్తు కొలిచే బొమ్మ."

"ఓ అదా! క్యూ మొదట్లో పెట్టారండి ఇప్పుడు. చాలామంది గొడవ చేశారు సార్."

ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. అంటే మాలాగే ఎండలో నించుని వెనక్కి తిరిగినవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట. వాళ్ళలో కొందరు నాలా ఆదివారం రాని పైవాళ్ళ కోసం ఎదురుచూసి ఊరుకోకుండా, గట్టిగా అడిగారన్నమాట. వాళ్ళెవరో గానీ వాళ్ళకి నా నమస్కారం. ఆ బొమ్మ ఇరవై గజాలు ముందుకి జరిగిందంటే అది వాళ్ళ పుణ్యమే.

నాన్నగారికి చెప్పాను.

"రావద్దంది ట్రా?" అన్నారాయన ఆశ్చర్యంగా.

"అవును నాన్నా. టిక్కెట్లు అమ్ముకోవాల్సిన పిల్ల, ఈ వారం వద్దంది."

ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "నీడకి గొడుగు పట్టుకెళ్దాం" అన్నారు. అంతే. పంచాయితీ ముగిసింది.

ఇక తీర్పు. మీకూ ఇలాంటి పార్కో, హాలో, హోటలో ఒకటి ఉండే ఉంటుంది గనక చెబుతున్నాను. నిరాశపరచినవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళొచ్చు. కానీ పోస్టరు చూసి కాదు, మనిషి మాట విని వెళ్ళండి. ఫోన్ చేసి ఏవి మూశారో అడగండి. జవాబు తడబడినా నిజంలా ఉంటే అది మంచి శకునం. "అన్నీ సూపర్ సార్, వచ్చెయ్యండి" అంటే మాత్రం అనుమానించండి. వీలైతే సెలవు రోజు మానుకోండి. పిల్లల్ని ఇంట్లోనే కొలవండి, నిబంధన ఎంతో ముందే కనుక్కోండి. పెద్దలకి నీడ, నీళ్ళు ఎక్కడున్నాయో లోపలికి అడుగు పెట్టగానే చూసుకోండి. టిక్కెట్టు పారేయకండి. అన్యాయం జరిగిందనిపిస్తే అక్కడే అడగండి, రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం పలుకుతుంది. నేనా పని పోయినేడు చెయ్యలేదు. బస్సులో మూతి ముడుచుకుని కూర్చున్నాను.

ఇంకొక సంగతి. ఈసారీ నిరాశే ఎదురైతే? అప్పుడు మూడో ఆట లేదు. రెండోసారి కూడా ఇంజను చచ్చి, దీపం పట్టుకుని గేటు దగ్గర నించునే ఓనరు లేకపోతే, ఆ గుడారం వైపు వెళ్ళనక్కర్లేదు. రెండో అవకాశం వాళ్ళ హక్కు కాదు, మనం ఇచ్చేది. ఇచ్చేముందు అడగాల్సినవన్నీ అడిగాం గనక, ఈసారి మోసపోతే నిందించుకోవడానికి నన్ను నేను తప్ప ఎవరూ మిగలరు. ఆ పూచీ నాదే.

వచ్చే నెల పదిహేనో తారీఖు దాటాక ఓ మంగళవారం ఖాయం చేశాం. అక్క పులిహోర బదులు ఉదయాన్నే ఇడ్లీలు తినిపిస్తానంది. నాన్నగారు గొడుగు దులిపి ఎండలో ఆరేశారు. పిల్ల మాత్రం గోడ దగ్గరే ఉంది. మళ్ళీ కొలవమంటోంది. నిన్ననే కదమ్మా కొలిచాను అంటే, "రాత్రి కుంచించుకుపోతానేమో మావయ్యా" అంటుంది.

ఆ మంగళవారం తర్వాత వచ్చే సంచికకి నా వ్యాసం ఒకరోజు ఆలస్యం కావచ్చు. సంపాదకులవారు పెద్ద మనసుతో క్షమించాలి. రోలర్ కోస్టర్ దిగినవాడి చేతిరాత కంపోజింగువాళ్ళకి అర్థం కాకపోతే, వారు కూడా.